రొఫీనా ఇచ్చిన గ్లాసు

తొగులాన్,
2 జూన్ 2023

మా లాయరమ్మకి,

అందరం బాగున్నాం. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఉత్తరానికి అల్లం వాసన రాగానే నీకు అనుమానం వస్తుంది. మన ఊరి ఉత్తరాలు మీ నాన్న వ్యానులో కాకుండా అల్లం లారీలో పట్నం దిగడం నీకు తెలిసి ఇదే మొదటిసారి. ఫోన్ చేద్దామంటే చర్చి కొండెక్కితే గానీ సిగ్నల్ రాదు, కొండెక్కడానికి నా మోకాలు ఒప్పుకోదు. పైగా ఫోన్లో నువ్వు సగం మాట వినకుండానే ప్రశ్నలు మొదలుపెడతావు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

కామతన్ కోతల పండుగ ఈసారి దివ్యంగా జరిగింది. ఆఖరి రోజు మా ఇంట్లో పెద్ద జాడీ తెరిచాం. మీ అత్త బియ్యం పులియబెట్టి చేసిన తాపాయి సంగతి నీకు తెలుసు, దాని మీద వాలిన దోమ కూడా దారి తప్పుతుంది. మీ నాన్న వెదురు గొట్టం పెట్టి జాడీలో గుర్తు దాకా తాగాడు. ఊరి పెద్ద ఇంట్లో గుర్తు దాకా తాగకపోతే ఆ ఇంటి పంటను తక్కువ చేసినట్టే కదా. ఆ తర్వాత కింది ఊరి చుట్టాలను దింపి వస్తానని వ్యాను తీశాడు. క్షేమంగా దింపాడు కూడా. ఖాళీ బండితో తిరిగి వస్తూ, రొఫీనా ఇంటి దగ్గరి మలుపులో రోడ్డు వదిలేసి ఆవిడ నారుమడిలోకి దిగిపోయాడు. గట్టు తెగింది, నారు నాశనమైంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. మీ నాన్న నుదురు మాత్రం బొప్పి కట్టింది.

పండుగ రోజుల్లో తిరిగే పోలీసు జీపు అటుగా వచ్చింది. మీ నాన్నను స్టేషనుకు తీసుకెళ్ళి, మద్యం కొలిచే గొట్టం ఊదించి, పూచీకత్తు మీద ఇంటికి పంపారు.

నువ్వేం కంగారుపడకు. మర్నాడే రొఫీనా వాకిట్లో పెద్దలం కూర్చున్నాం. మీ నాన్న లేచి నిలబడి, "నేను తాగాను, బండి నడిపాను, నీ మడి పాడుచేశాను" అని తన నోటితో తాను చెప్పాడు. చేసిన తప్పుకు సొగిత్ కింద పందిని ఇచ్చాడు. మేం అడక్కుండానే తన నారులో సగం కూడా ఇచ్చేశాడు. మొగుడు పోయిన మనిషి, ఒక్కతే సేద్యం చేసుకుంటోంది, నారు లేకపోతే ఈ ఏడు ఆవిడకు పంటే లేదు. పందిని వండుకుని తిన్నాం, మాట మూసేశాం.

తగువు చల్లారిందనీ, వాళ్ళ పుస్తకాల్లో కూడా మూసెయ్యవచ్చనీ పోలీసులకు ఊరి ముద్ర వేసి ఉత్తరం పంపాను. సొగిత్ విందులో వాళ్ళకూ వాటా ఉండాలి కదా. వాళ్ళు పంది తినరు, అందుకని మీ తమ్ముడు జెఫ్రిన్ చేత ఒక బతికున్న పుంజును పంపించాను. మంచి పుంజు.

కాబట్టి అంతా అయిపోయింది. ఒక్క చిన్న సంగతి. ఆగస్టులో కోర్టుకు రమ్మని ఒక కాగితం ఇచ్చారు. అదెందుకో ఒకసారి చూడు.

మోకాలు నొప్పితో, పండుగ కైపుతో,
మీ మావయ్య గింబాంగ్

*

కోట కినబాలు,
6 జూన్

మావయ్యా,

ముందు ఆ పుంజును వెనక్కి తెప్పించు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

తెప్పించావా? ఇప్పుడు విను. కేసు నడుస్తుండగా పోలీసులకు పుంజును పంపడాన్ని మన ఊళ్ళో మర్యాద అంటారు, ఇక్కడ లంచం అంటారు. నాన్నకు ఒక కేసు ఉందని నువ్వు కూడా ఒకటి తెచ్చుకుంటున్నావు. పైగా ఊరి ముద్ర కూడా వేసి పంపావు!

ఇక నాన్న సంగతి. అది రెండిళ్ళ మధ్య తగువు కాదు మావయ్యా. తాగి బండి నడపడం మీద ప్రభుత్వం పెట్టిన కేసు. రొఫీనా పెద్దమ్మ క్షమించినా, ఊరంతా క్షమించినా అది మూతపడదు. మూడేళ్ళ కిందట చట్టాన్ని బాగా బిగించారు. నేరం రుజువైతే తక్కువలో తక్కువ పది వేల రింగిట్ల జరిమానా, ముప్ఫై వేల దాకా వెయ్యవచ్చు. దాంతోపాటు రెండేళ్ళ దాకా జైలు. లైసెన్సు కనీసం రెండేళ్ళు పోతుంది. జైలు మాట తలుచుకుంటేనే నాకు అన్నం దిగడం లేదు. నాన్న తలుపు వేసిన గదిలో పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను పనిచేసే చోట పెద్ద లాయరు మేడమ్ చోంగ్ ఈ కేసు తీసుకుంటామన్నారు. కోర్టులో ఆవిడ లేచి నిలబడితే అవతలి లాయర్లు మంచినీళ్ళు అడుగుతారు. ఆవిడ చెప్పిన మొదటి మాట, "మీ వాళ్ళందర్నీ నోరు మూసుకోమను" అని. నువ్వేమో ఊరందరి ముందూ నాన్న చేత నేరం ఒప్పించావు. సాక్షులను పిలిచి భోజనం కూడా పెట్టావు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం.

రెండు సంగతులు నాకు నిజంగా చెప్పు. మడిలో పడ్డ తర్వాత, పోలీసులు గొట్టం ఊదించేలోపు ఏం జరిగింది? ఇంకొకటి, బండి నడిపింది నాన్నేనా? నేను పుట్టకముందు నుంచి ఆయన ఆ మలుపు తిప్పుతున్నాడు. నడిపింది జెఫ్రిన్ అయి, నాన్న వాణ్ణి వెనకేసుకొస్తున్నాడేమోనని నా అనుమానం.

తొందరగా జవాబు రాయి. ఇంకెవరికీ ఏ జంతువునూ పంపకు.

నీ మేనకోడలు,
దెల్వీ

*

తొగులాన్,
11 జూన్

గౌరవనీయులైన లాయరు దెల్వినా గారికి,

తమ ఆజ్ఞ ప్రకారం పుంజు వెనక్కి వచ్చింది. నేనే వెళ్ళి తెచ్చాను. సార్జెంటు కోట బెలుద్ వైపు బజావు తెగ మనిషి. పుంజును స్టేషను వెనక అరటిచెట్టుకు కట్టేసి గింజలు కూడా వేయించాడు.

"పెద్దాయనా, మీ మర్యాద నాకు అర్థమైంది. మా తాత బతికుంటే ఆయనా ఇదే పని చేసేవాడు. కానీ ఇంకో స్టేషనుకి మాత్రం పంపకండి" అన్నాడు.

నాకు టీ ఇప్పించాడు. "ఇది తాగితే ఎవరి మీద కేసవుతుంది?" అని అడిగాను. గోడ పట్టుకుని నవ్వాడు. కేసు మాత్రం తన చేతుల్లో లేదన్నాడు.

నీ ఉత్తరాన్ని మీ అమ్మ బయటికి చదివింది, జెఫ్రిన్ విన్నాడు. ఇప్పుడు వాడు నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు. ఆ మధ్యాహ్నం వాడు చర్చి ముందు కంచు గాంగుల పోటీలో వాయిస్తున్నాడమ్మా. వాడు వాయించిన తీరుకు ఊరు ఊరంతా సాక్ష్యం చెబుతుంది, అంత ఘోరంగా వాయించాడు. బండి నడిపింది మీ నాన్నే.

సొగిత్‌ను నువ్వు నేరం ఒప్పుకునే కాగితంలా చూడటం నాకు నచ్చలేదు. చదువుకున్నదానివి, నిన్ను చూసి ఊళ్ళో ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి నేనే, కానీ ఈ మాట చెప్పక తప్పదు. సొగిత్ జరిమానా కాదు, చల్లార్చడం. తప్పు జరిగిన చోట నేల వేడెక్కుతుంది. చేసినవాడు నోరు తెరిచి చెప్పుకుంటేనే అది చల్లారుతుంది. మీ అమ్మ నిన్ను లాయరును చెయ్యకముందే మనకు న్యాయం ఉంది.

నువ్వడిగిన మొదటి సంగతి. బండి పడ్డ చప్పుడుకు రొఫీనా పరుగెత్తుకొచ్చింది. తన నారు తొక్కుకుంటూనే వెళ్ళి మీ నాన్నను బయటికి లాగింది. ఆయన వణికిపోతున్నాడు, నోట మాట లేదు. అలాంటప్పుడు ఎవరైనా చేసేదే ఆవిడా చేసింది. లిహింగ్ కల్లు వెచ్చచేసి గ్లాసు నిండా తాగించింది, బెదిరిన ప్రాణం ఒంట్లోకి తిరిగి రావాలని. అది తాగాకే మీ నాన్న మాట్లాడాడు. తర్వాత జీపు వచ్చింది.

తమ విధేయుడు,
గ్రామ పెద్ద గింబాంగ్ (మావయ్యని కూడా)

*

కోట కినబాలు,
16 జూన్

మావయ్యా, బంగారు మావయ్యా,

గ్రామ పెద్ద గారూ కోపం తగ్గించుకోండి. సొగిత్ గురించి నోరు జారాను. జెఫ్రిన్‌కు బూట్లు కొన్నాను, క్షమాపణ కింద అనుకోమను. గాంగు నేర్పడానికి మనిషిని కూడా పెడతానని చెప్పు. వద్దులే, ఇది చెప్పకు.

నీ ఉత్తరం చదివి ఆఫీసులో గట్టిగా అరిచాను. ఆ గ్లాసు! రొఫీనా పెద్దమ్మ ఇచ్చిన ఆ గ్లాసే నాన్నను బయటపడేస్తుంది. ఎలాగంటే, గొట్టంలో ఊదినప్పుడు ఎంత మద్యం కనిపించిందో, బండి నడిపేటప్పుడు కూడా అంతే ఉందని చట్టం అనుకుంటుంది. కానీ బండి ఆగాక, గొట్టం ఊదేలోపు తాగాడని మనం రుజువు చేస్తే ఆ లెక్క చెల్లదు. నాన్న అంకె హద్దుకు మరీ పైనేం లేదు. ఆ గ్లాసు తీసేస్తే హద్దులోపలే ఉండేదని వాదించవచ్చు. మేడమ్ చోంగ్ కాగితాలు తిరగేసి, "నాకు ఆ ముసలావిడ ఒక్కతి చాలు" అన్నారు.

రుజువు మన మీదే ఉంది మావయ్యా, అందుకని పెద్దమ్మ వచ్చి తీరాలి. జడ్జి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెబితే చాలు, అబద్ధం ఒక్కటీ అక్కర్లేదు. ఆవిణ్ణి ఊరికే అడగడం బాగుండదని అల్లం లారీలో ఎరువు బస్తా, పండుగ రవికెకు నల్ల మఖమలు గుడ్డ పంపుతున్నాను. నా తరఫున నువ్వే ఇచ్చి అడుగు.

ఇన్నాళ్ళకు ఈ రాత్రి కడుపు నిండా తింటాను.

నీ దెల్వీ

*

తొగులాన్,
24 జూన్

కోడలు పిల్లా,

లాయరు చదువులో మన ఆచారం మర్చిపోయావో, ఆచారం సగమే నేర్చుకుని వెళ్ళావో తెలియదు గానీ, ఊరిని అల్లకల్లోలం చేశావు.

లారీ డ్రైవరు నీ బస్తాను, గుడ్డను నా దగ్గర దించకుండా నేరుగా రొఫీనా గుమ్మంలో దించి, "దెల్వినా పంపింది" అని చెప్పి పోయాడు. కారణం చెప్పకుండా బస్తా, గుడ్డ కలిపి గుమ్మంలో దించితే మన దగ్గర దాన్ని సొగిత్ అనరా? సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే ప్రశ్న. "దెల్వీ ఎవర్ని గుద్దిందట?" మీ అత్త కూడా నన్ను పక్కకు పిలిచి, "పిల్లకి కూడా తాగుడు అలవాటైందా?" అని అడిగింది.

రొఫీనా ఎరువు బస్తా భుజాన వేసుకుని, గుడ్డ చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ వయసులో ఆవిడ మోసిన బస్తాను నేనైతే మొయ్యలేను.

"నీ కోడలు నాకేం తప్పు చేసింది? చేస్తే వచ్చి నోటితో చెప్పాలి గానీ లారీలో పంపుతారా?" అంది.

కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. గ్లాసు మాట, కోర్టు మాట. ఆవిడ మొహం గట్టిపడిపోయింది.

"పంది తిన్నాం, మాట మూశాం. దాన్ని తెరిచినవాళ్ళే తప్పు చేసినట్టని నువ్వేగా చెప్పావు? లాడిస్ ఇచ్చిన నారు ఇప్పుడిప్పుడే వేళ్ళు పట్టుకుంటోంది. మళ్ళీ నేల వేడెక్కించమంటావా?" అని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నది నా మాటే. తాను తవ్విన గోతిలో తానే పడ్డట్టయింది నా పని. బస్తా మా ఇంట్లోనే ఉంది, కోళ్ళు దాని మీద పడుకుంటున్నాయి. మఖమలు గుడ్డ వంక మీ అత్త చూస్తున్న చూపు నాకు నచ్చడం లేదు.

మీ నాన్న వ్యానును కడిగి, గుడ్డ కప్పి పెట్టాడు. పొద్దున లేచి సంతకు వెళ్ళేవాళ్ళతో పాటు రోడ్డు దాకా నడిచి వెళ్ళి, వాళ్ళు ఏదైనా లారీ ఎక్కేదాకా బుట్టలు మోసి వస్తున్నాడు.

మీ మావయ్య

*

కోట కినబాలు,
1 జూలై

మావయ్యా,

ఆ బుట్టల మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది.

పెద్దమ్మకు నాన్న మీద ఇంత పగ ఉందని నేననుకోలేదు. ఇంకా ఏమైనా కావాలంటే అడగమను, ఇస్తాను. ఆచారం పేరు చెప్పి తప్పుకోవడం ఎందుకు? నీ సొగిత్ చల్లగా ఉంటుంది, ఆవిడ పొలం చల్లగా ఉంటుంది, నాన్న మాత్రం జైల్లో కూర్చుంటాడు. ఇదేనా మనకున్న న్యాయం? నువ్వు ఊరి పెద్దవి. మాట మూసిన చేతులు నీవే, వాటితోనే ఒక్కసారి తెరవలేవా? అసలు ఎవరి ఇంట్లో జాడీ దగ్గర గుర్తు దాకా తాగాడు నాన్న? నేను అడగకూడదనుకున్నాను, అడిగేశాను.

నాన్నకు ఇంకొకటి కూడా చెప్పు. కోర్టులో "నేను నేరస్థుణ్ణి కాను" అనడం అబద్ధం కాదు. "మీ దగ్గర రుజువుంటే చూపించండి" అని దాని అర్థం. అది ప్రతి మనిషికీ ఉన్న హక్కు. ఆ ఒక్క మాట అంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

దెల్వీ

*

తొగులాన్,
9 జూలై

అమ్మా దెల్వీ,

ఎవరి జాడీ అని అడిగావు. నా జాడీయే. గుర్తు దాకా తాగమన్న నోరు కూడా నాదే. ఇంకేం రాయను దాని గురించి.

నీ ఉత్తరాన్ని రొఫీనా గుమ్మంలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. పగ అన్న మాట కూడా దాచలేదు. ఆవిడ బియ్యం చెరుగుతూ విన్నది. పగ కాదమ్మా, ఆవిడకు భయం. మొగుడు పోయాక ఆ మడి ఒక్కటే ఆవిణ్ణి నిలబెట్టింది.

మర్నాడు పొద్దున్నే చంకలో కోడిపెట్టను పెట్టుకుని వచ్చింది. మామూలు పెట్ట కాదు, ఆవిడ ఇంట్లో గుడ్లు పెట్టే పెట్ట అదొక్కటే.

"ఇది ముందే తీసుకో. మూసిన మాట తెరిచినందుకు నా సొగిత్. కోర్టుకొచ్చి చెబుతాను. నేల వేడెక్కితే నేను చల్లార్చుకుంటా, అది నా తిప్పలు. ఆ పిల్ల తండ్రిని జైలుకి మాత్రం పోనివ్వను" అంది.

నేను ఎన్నో తగువులు తీర్చాను. చేసిన తప్పుకు పరిహారం ఇవ్వమంటే ఏడ్చినవాళ్ళను చూశాను, ఎగ్గొట్టి పారిపోయినవాళ్ళను చూశాను. తన మడిని నాశనం చేసినవాడి కోసం, ఇంకా చెయ్యని తప్పుకు ముందుగా పరిహారం తెచ్చిన మనిషిని మాత్రం చూడలేదు. పెట్టను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మీ అత్త కూడా చూసింది.

అప్పుడే మీ నాన్న వచ్చాడు. మీ అమ్మ చెప్పి పంపినట్టుంది. బండి పడ్డ రోజు నుంచి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, వచ్చి నా చేతిలోంచి పెట్టను తీసుకుని రొఫీనా చేతుల్లో పెట్టాడు.

"అక్కా, నన్ను బతికించడానికి నువ్వు గ్లాసిచ్చావు. ఇప్పుడు నా తప్పు తీసుకెళ్ళి ఆ గ్లాసు మీద తోస్తానా?" అన్నాడు.

"తోసేదేం లేదు, ఉన్న మాటే చెబుతా" అంది ఆవిడ.

"ఉన్న మాటే. కానీ ఆ గ్లాసు ఇవ్వకపోయినా నేను తాగే ఉన్నానక్కా. తూల్లేదు, పాట పాడుకుంటూ నడిపాను. తాగానని నాకే తెలీలేదు, అదే నాకు భయం. వెళ్ళేటప్పుడు బండి నిండా మనుషులున్నారు, ఒళ్ళో పిల్లలున్నారు. వస్తూ పడ్డాను కాబట్టి నారు పోయింది. వెళ్తూ పడి ఉంటే ఎన్ని పందులు ఇచ్చేవాణ్ణి?"

నేను నువ్వు రాసిన సంగతి చెప్పాను, ఆ మాట అబద్ధం కాదనీ, అది హక్కనీ. శ్రద్ధగా విన్నాడు.

"అమ్మాయి చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆ హక్కు కావాల్సినవాళ్ళకి కావాలి కూడా. కానీ బావా, నీ ముందు ఒక మాట, జడ్జి ముందు ఇంకో మాట చెబితే, ఆ రోజు పందిని ఏ నోటితో తిన్నట్టు?" అన్నాడు.

నిన్ను కోప్పడొద్దన్నాడు. మొదటి కేసులోనే అమ్మాయికి ఓటమి తెచ్చిపెడుతున్నానని బాధపడ్డాడు. నాకైతే ఆయన కాళ్ళ మీద పడి బతిమాలాలనిపించింది, కాళ్ళకు దండం పెట్టాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చాను.

మావయ్య

*

కోట కినబాలు,
19 ఆగస్టు

మావయ్యా,

నీ పోయిన ఉత్తరానికి జవాబు రాయలేదు. కోపం. నాన్న మీద, నీ మీద, పంది మీద, పెట్ట మీద. మేడమ్ చోంగ్‌కు చదివి వినిపిస్తే ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "గెలిచే కేసును ఓడిపోయే హక్కు కూడా ఆయనదే" అన్నారు. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

నీ మోకాలు రానివ్వలేదు కాబట్టి నిన్న జరిగిందంతా రాస్తున్నాను.

నాన్న పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నేరారోపణ చదివి వినిపించారు. ఒప్పుకుంటున్నారా అని అడిగారు. ఆ క్షణంలో కూడా ఆయన నా వైపు చూసి మనసు మార్చుకుంటాడేమోనని ఆశపడ్డాను. నా వైపు చూశాడు గానీ మనసు మార్చుకోలేదు. "తప్పు నాదే" అన్నాడు.

ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా అని మేజిస్ట్రేటు అడిగింది. చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"తెలుసమ్మా. మా అమ్మాయి రెండు నెలల నుంచి ఉత్తరాల్లో తిడుతూనే ఉంది" అన్నాడు నాన్న. గుమాస్తాలు కూడా నవ్వారు.

అప్పుడు మేడమ్ చోంగ్ లేచారు. లేచి, "శిక్ష తగ్గించమని అడిగే మాట నా జూనియరు చెబుతుంది" అని కూర్చున్నారు. నాకు ముందు చెప్పలేదు మావయ్యా! రాసుకున్న కాగితం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. నోటికి వచ్చింది చెప్పాను. ఇన్నేళ్ళలో ఆయన పేరు మీద చలానా కూడా లేదని చెప్పాను. వర్షంలో కొండచరియ విరిగిపడిన రోజు పురిటి మనిషిని ఆసుపత్రికి ఎలా చేర్చాడో చెప్పాను. సొగిత్ గురించి చెప్పాను, చల్లార్చడమని నువ్వు రాసిన మాటే చెప్పాను. సగం నారు సంగతి చెప్పాను. గ్లాసు సంగతి చెప్పలేదు. అది చెబితే కేసు గెలిచే దారి, నాన్న వద్దన్న దారి.

చెప్తుంటే మేజిస్ట్రేటు నా భుజం మీంచి వెనక్కి చూస్తోంది. తిరిగి చూస్తే తలుపు దగ్గర రొఫీనా పెద్దమ్మ. నల్ల మఖమలు రవికె. నేను పంపిన గుడ్డే, అత్త దగ్గర్నుంచి ఎలా వదిలించిందో తెలియదు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎవరని అడిగితే, "ఆ మడి నాదే" అంది, అంతే.

మేజిస్ట్రేటు కొంచెంసేపు రాసుకుని, "మీ ఆచారం ఈ చట్టాన్ని తుడిచెయ్యదు. కానీ నా ముందున్న మనిషి ఎలాంటివాడో నాకు చెప్పింది" అంది. జరిమానా పది వేలు, అంతకు తగ్గించే వీల్లేదు. లైసెన్సు రెండేళ్ళు, అదీ అంతే. జైలు ఒక్క రోజు.

ఒక్క రోజు మావయ్యా! నెలలకు నెలలు అనుకుని నేను లోలోపల ఏడుస్తూ ఉన్నాను. సాయంత్రానికి వదిలేశారు. బయటికి వచ్చి, "అన్నం బాగానే పెట్టారు, ఉప్పు తక్కువ" అన్నాడు. జరిమానాకు రెండు దున్నలనూ అమ్మేశాడట, నాకు చెప్పొద్దని అమ్మతో ఒట్టు వేయించుకున్నాడట. నేను ఇస్తానంటే ఒప్పుకోలేదు. "నేను తాగిన దానికి నువ్వు కడతావా?" అన్నాడు.

నేను ఎన్నో గొప్ప వాదనలు విన్నాను, ఇంకా వింటాను. "తప్పు నాదే" అన్నంత గట్టి మాట ఆ గదిలో ఇంకొకటి వినలేదు. ఆయన కూతుర్నని అందరి ముందూ గర్వంగా నిలబడ్డాను. నీ కోడల్నని కూడా. జాడీ సంగతి అడిగినందుకు నన్ను క్షమించు.

కానీ రెండేళ్ళు వ్యాను లేకుండా ఊరు ఎలా నడుస్తుంది? నాన్న ఎలా బతుకుతాడు?

నీ దెల్వీ

*

తొగులాన్,
14 జనవరి 2024

కోడలా,

క్రిస్మస్‌కు వచ్చి వెళ్ళినదానివి, ఇంతలో ఏం ఉత్తరం అనుకుంటావు. నువ్వు వెళ్ళాక జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

రొఫీనా మడి కోత అయింది. ఊళ్ళో అందరికన్నా బాగా పండింది. మీ నాన్న తన చేను వదిలేసి అక్కడే కోత కోశాడు. ఎందుకు ఇంత బాగా పండిందో ఎవరం మాట్లాడుకోలేదు, మూసిన మాట కదా. నీ ఎరువని మాత్రం నువ్వనుకోకు, దాని మీద ఇంకా కోళ్ళే పడుకుంటున్నాయి.

వచ్చే కామతన్‌కు జాడీ దగ్గర కొత్త కట్టుబాటు పెట్టాను. తాళంచెవి ఉన్నవాడు దాన్ని జాడీ మెడకు కట్టాలి, మర్నాడు పొద్దున గానీ విప్పకూడదు. కట్టనివాడికి గొట్టం ఇవ్వం. పంటను తక్కువ చేసినట్టవుతుందని ఎవడైనా అంటే నాతో మాట్లాడమన్నాను.

ఇక అసలు సంగతి. క్రిస్మస్ రోజుల్లో రొఫీనా ఏవో పుస్తకాలు దాచిపెడుతోందని నవ్వావు గుర్తుందా? ఈ వయసులో ప్రేమలేఖలేమోనని కూడా అన్నావు. అవి డ్రైవింగు పరీక్ష పుస్తకాలు. ఆగస్టు నుంచి నేర్చుకుంటోందట. దున్నే యంత్రం నడిపిన చేతులు, వాటికి బండి ఒక లెక్కా? మొదటిసారి పరీక్ష తప్పింది, పరీక్షకుడు బెల్టు సరిగ్గా పెట్టుకోలేదని వాణ్ణే తిట్టిందట. రెండోసారి నెగ్గింది. జనాన్ని ఎక్కించుకోవడానికి కావలసిన కాగితం కూడా మొన్ననే వచ్చింది. కాగితం చేతికి రాగానే మీ ఇంటికెళ్ళి, "వ్యాను మీద గుడ్డ తియ్యి, వచ్చిన దాంట్లో చెరి సగం" అంది.

నిన్న మొదటి రోజు. సంతకు వెళ్ళేవాళ్ళమంతా ఎక్కాం, నా మోకాలు కూడా ఎక్కింది. మీ నాన్న బుట్టలన్నీ పైన కట్టి, లోపలికొచ్చి చివరి సీట్లో నా పక్కన కూర్చుని తల వంచుకున్నాడు. ముందు సీటు ఖాళీ.

రొఫీనా బండి తీసింది. తన మలుపు దగ్గరికి వచ్చేసరికి, గట్టు పక్కనే ఆపేసింది. ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు.

"లాడిస్, అక్కడేం చేస్తున్నావ్? ముందుకొచ్చి కూర్చో. ఈ దారి నీకు తెలిసినట్టు నాకు తెలీదు" అంది.

మీ నాన్న అందరినీ దాటుకుంటూ వెళ్ళి ముందు కూర్చున్నాడు. కొండ దిగేదాకా, ఎక్కడ జారుతుందో, ఎక్కడ మెల్లగా పోవాలో చెబుతూనే ఉన్నాడు. ఏడు నెలల మాటలన్నీ ఆ దారిలోనే మాట్లాడేశాడు.

ఈ ఉత్తరం కూడా ఆ వ్యానులోనే వస్తోంది. అల్లం వాసన రాలేదేమిటని కంగారుపడకు.

మీ మావయ్య